గాయన మా అన్న

ఈమధ్య ఒక ఆదివారం మల్లాపూర్ వెళ్లాను. మా బడిలో లెక్కలు చెప్పే టీచరు అత్తగారి ఊరది. వాళ్లది పసుపు పండించే ఇల్లు. ఉడకబెట్టిన కొమ్ములు ఇంటిముందు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. కింద పరదాలు పరిచారు. అవి చాలక పాత ఫ్లెక్సీలు కూడా పరిచారు. మా దిక్కు ఫ్లెక్సీకి చావు లేదు. పుట్టినరోజు శుభాకాంక్షలు, నాయకుడికి స్వాగతం, ఎవరిదైతేనేం, పని అయిపోయాక గడ్డివాము మీదికో, స్నానాలగది కప్పుకో, పసుపు కిందికో చేరవలసిందే.

టీచరు అత్తగారు కొమ్ముల్ని కాలితో తిరగేసుకుంటూ పోతోంది. ఒకచోట పసుపు పక్కకు జరిగి కింద ముఖం బయటపడింది. నాకు తలకిందులుగా కనిపించింది. ముందు బుగ్గ, తర్వాత ముక్కు, ఆ తర్వాత నవ్వీ నవ్వని ఆ మూతి. చూడగానే పోల్చుకున్నాను.

"ఎవలో పిలగాడు, సక్కగున్నడు," అందామె. "సిరిసిల్ల నుంచి అచ్చింది గీ ఫ్లెక్సీ. సాంచల కాడ పనిచేసే ఒకాయన ఇచ్చిండు మా ఆయనకు. దళసరిగున్నది, ఎండకు ఆగుతదని తెచ్చిండు. నీకెరుకేనా టీచరమ్మా గీ పిలగాడు?"

"తెల్వదమ్మా," అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి! ఆమె మళ్లీ పసుపు జరిపింది. ముఖం మూసుకుపోయింది. నేను లోపలికెళ్లి వాళ్లు పెట్టిన కోడికూర తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. సిగ్గుండాలి మనిషికి.

ఆ ముఖం మా చిన్నమ్మ కొడుకుది.

వాడు ఫుట్‌బాల్ ఆడతాడు. సరదాకి కాదు, జీతానికి. చిన్నప్పుడే స్పోర్ట్స్ స్కూలువాళ్లు ఏరుకుని తీసుకుపోయారు. పెద్దయ్యాక ఒక పెద్ద క్లబ్బు వాడితో కాగితాల మీద సంతకం చేయించుకుంది. సంతకమైన వారానికి సిరిసిల్ల బస్టాండు ఎదుట ఫ్లెక్సీ లేచింది. క్లబ్బు చొక్కా తొడుక్కుని, చేతులు కట్టుకుని మావాడు. కింద వరుసగా శుభాకాంక్షలు చెప్పేవాళ్ల ఫొటోలు. అందరికన్నా చివర, మూలన, పాస్‌పోర్టు ఫొటోలో మా చిన్నాయిన, అంటే వాడి తండ్రి. కొడుకు ఫ్లెక్సీలో తండ్రికి దొరికిన చోటు అంతే.

ఆ చొక్కా వేసుకుని మావాడు ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆ క్లబ్బులో వాడు ఆడే చోటుకు వాడికన్నా పేరున్నవాళ్లు చాలామంది ఉన్నారట. అందుకని ఒక సీజన్‌కు గోవాలో ఒక చిన్న టీముకు పంపారు. మరుసటి ఏడు కేరళలో ఇంకో టీముకు పంపారు. దాన్ని 'లోను' అంటారు. మనిషి ఒకరి మనిషే, ఆడేది మాత్రం ఇంకొకరికి. పిలిస్తే తిరిగి రావాలి. పిలవకపోతే ఇంకోచోటుకు పోవాలి.

ఇదంతా వాడు మా అత్తమ్మకు విడమరిచి చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. కోరుట్లలో మా ఇంట్లో, వంటింటి గడప దగ్గర కూర్చుని చెప్తున్నాడు. అత్తమ్మ చేటలో బియ్యం ఏరుతూ విని, "అంటే ఎడ్లను బదులిచ్చినట్టా కొడుకా? నాట్లప్పుడు మావోళ్లు ఇచ్చేటోళ్లు," అంది.

వాడు పకపకా నవ్వాడు. నవ్వి, నవ్వు ఆపి, "గంతే అత్తమ్మా. కాకపోతే ఎడ్లను తిరిగి తోల్కపోనీకి ఎవలన్న అస్తరు," అన్నాడు.

అత్తమ్మ నా వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను.

సీజన్ అయిపోయి సెలవులు రాగానే వాడు సిరిసిల్ల పోవాలి కదా, పోయేవాడు కాదు. ముందు కోరుట్లలో మా ఇంటికి వచ్చేవాడు. రేపు పోత, ఎల్లుండి పోత అంటూ నాన్చేవాడు. సంచీ మాత్రం విప్పేవాడు కాదు. "అల్మారాల ఒక అర ఖాళీ చేసిస్త, బట్టలు పెట్టుకో," అంటే వద్దనేవాడు. మేకుకు ఒక తువ్వాలు తగిలించుకుంటే వాడి కాపురం అయిపోయేది. ప్రతి టీమువాళ్లూ ఇచ్చే చొక్కాలు, కోట్లు మాత్రం మా ఇంట్లో వదిలేసి పోయేవాడు. గోవా క్లబ్బువాళ్ల చలికోటు మా అత్తమ్మకు తెగ నచ్చింది. వీపు మీద వాడి పేరు, నంబరు. చలికాలం పొద్దున్నే అది తొడుక్కుని పాలకు పోయేది. కోరుట్లలో మా వాడకట్టంతా ఆమెను ఆ నంబరుతోనే పిలిచేది. ఆ కోటు వేసుకుని వాడు మైదానంలో నిలబడిన దానికన్నా ఆమె పాల కేంద్రం దగ్గర నిలబడ్డదే ఎక్కువ అని వాడే అన్నాడోసారి.

కాళ్లు దాచుకునే అలవాటు వాడికి. అంత ఆట ఆడే కాళ్లు, చూపించుకోవద్దూ? మంచం మీద కూర్చుంటే దుప్పటి కప్పేవాడు. కుర్చీలో కూర్చుంటే కిందికి ముడుచుకునేవాడు. బొటనవేళ్ల గోళ్లు నల్లగా కమిలిపోయి ఉండేవి. ఒకటి ఊడి సగమే ఉండేది. కానీ ఆ కాళ్లు ఊరికే ఉండేవి కావు. గుండ్రంగా ఏది దొరికితే అది అరికాలి కిందికి చేరేది. నిమ్మకాయ, ఉల్లిగడ్డ, దేవుడికి తెచ్చిన కొబ్బరికాయ. దేవుడి కొబ్బరికాయ అని అత్తమ్మ గోల పెడితే చెంపలు వేసుకుని, అది వదిలేసి, నిమ్మకాయ తీసుకునేవాడు. మాట్లాడుతూనే, అన్నం తింటూనే, ఆ నిమ్మకాయ బల్లకింద ముందుకు వెనక్కు దొర్లుతూ ఉండేది. మనసు బాగాలేని రోజు అది ఆగిపోయేది. వాడిని ఏమైందని అడిగే పని లేదు, బల్లకింద చూస్తే చాలు.

సిరిసిల్ల పోవడమంటే ఎందుకంత జంకో నాకు మొదట్లో అర్థం కాలేదు. హైదరాబాదు నుంచి నేరుగా పోవాల్సి వచ్చినప్పుడు తంగళ్ళపల్లిలోనే బస్సు దిగిపోయేవాడట. అక్కడినుంచి మానేరు వంతెన మీద నడుచుకుంటూ, బస్టాండు తగలకుండా, సందుల్లోంచి ఇంటికి. అంత బరువు సంచీ మోసుకుని.

"ఎందుకురా గంత దూరం నడుసుడు?" అన్నాను.

"బస్టాండు కాడ నేను నిలవడి ఉన్న గదక్కా. నన్ను చూస్కుంట ఎట్ల దిగుత?"

ఆ ఫ్లెక్సీ సంగతి. నేను నవ్వేశాను. అది నవ్వే విషయం కాదని జగిత్యాలలో తెలిసింది.

వాడి బూటు అడుగు ఊడివచ్చింది. కుట్టించుకోవడానికి జగిత్యాల పోతుంటే నాకూ పని ఉండి వెంట వెళ్లాను. బూటు కుట్టేదాకా పక్క దుకాణంలో కూర్చున్నాం. దుకాణాయన వాణ్ని ఎగాదిగా చూసి, సెల్‌ఫోన్ తీసి ఏదో వెతికి, మళ్లీ చూశాడు.

"తమ్మీ, నువ్వు గా ఫుట్‌బాల్ పిలగానివి కాదూ? సిరిసిల్ల? మా చుట్టపోళ్లు ఫ్లెక్సీ ఫొటో స్టేటస్ పెట్టిన్రు."

మావాడు తడుముకోలేదు. "గాయన మా అన్న," అన్నాడు.

"అన్ననా! అచ్చం గట్లనే ఉన్నవ్."

"అందరు గదే అంటరు."

"అన్నకు చెప్పు, మనోళ్ల పేరు నిలవెట్టిండని. చాయ్ తాగుతవా?"

"చెప్త," అన్నాడు వాడు. చాయ్ కూడా తాగాడు.

వాడికి అన్న లేడు. చిన్నమ్మకు వాడొక్కడే కొడుకు. బస్సెక్కాక నాకు నవ్వాగలేదు. వాడు నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ, "అన్న ఆడుతడక్కా. మంచిగ ఆడుతడు. నేనే కూసుంట," అన్నాడు. ఆ తర్వాత అది మా ఇద్దరి మధ్య వేళాకోళమైంది. ఫోన్ చేసినప్పుడల్లా "మీ అన్న ఎట్లున్నడు?" అనేదాన్ని. "అన్న ఫోను ఎత్తుతలేడక్కా, పెద్దమనిషయిండు," అనేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ వేళాకోళం నేను ఆడింది, వాడు భరించింది అనిపిస్తుంది.

మా చిన్నాయిన సాంచల మీద పనిచేస్తాడు. సాంచ అంటే మరమగ్గం. ఒక కార్ఖానాలో అన్ని సాంచలు ఒక్కసారి నడుస్తుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. ఆ చప్పుడులో ఏళ్లు గడిపి చిన్నాయినకు గట్టిగా మాట్లాడటమే మాటైంది. ఇంట్లో ఉప్పు అడిగినా వీధంతా ఉలిక్కిపడాల్సిందే. రోజూ సాయంత్రం పని మధ్యలో కొడుక్కి ఫోన్ చేసేవాడు. వెనక సాంచలు టకటకమంటుంటే ఒకే ఒక ప్రశ్న, అరుపులాగ.

"ఆడినవా?"

"ఆడిన బాపూ."

అంతే. ఫోన్ పెట్టేసేవాడు. మావాడు ప్రాక్టీసులో ఆడినా ఆడినట్టే, చివర్లో కాసేపు దింపినా ఆడినట్టే, బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసాలు అందించినా ఆడినట్టే. లోను సంగతి కూడా తండ్రికి తనదైన తీరులో చెప్పాడు. "వాళ్లు అడిగి తీసుకున్నరు బాపూ," అన్నాడు. దాంతో చిన్నాయిన దృష్టిలో కొడుకు కోసం టీములు కొట్లాడుకుంటున్నాయి. కొత్త చొక్కా వచ్చిందంటే ఒక మెట్టు పైకెక్కినట్టు. కార్ఖానాలో అందరికీ అదే చెప్పుకున్నాడు. సెల్‌ఫోన్‌లో అన్నీ చూసే కుర్రవాళ్లకు అసలు సంగతి తెలిసే ఉంటుంది. ఆ పెద్దమనిషి ముఖం చూసి ఊరుకుని ఉంటారు.

ఇక ఆ రోజు సంగతి.

వాడు కేరళ టీములో ఉన్న ఏడు ఏదో కప్పు పోటీలో ఆ టీముకూ, వాడి పెద్ద క్లబ్బుకూ ఆట పడింది. టీవీలో చూపిస్తారట. సిరిసిల్లలో ఆ కార్ఖానా మొత్తానికి ఒకటే లెక్క. రెండు టీములూ మనోడివే, ఎటు తిరిగినా మనోడు ఆడాల్సిందే. కార్ఖానా నడిపే ఆసామి కూడా ఉత్సాహపడి ఎక్కడినుంచో ప్రొజెక్టరు తెప్పించాడు. వాళ్లు నేసిన తెల్లగుడ్డనే రెండు సాంచల నడుమ తెరలాగ కట్టారు. ఆట సాగినంతసేపు సాంచలు బంద్. నేసినంతకే కూలి వచ్చే పనిలో మనుషులు తమంత తాము సాంచలు ఆపుకుని కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం మావాడు సంచీతో మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదేందిరా, ఇయ్యాల ఆట గదా?"

"నేను ఆడొద్దక్కా. రూలు. లోను మీద పోయినోడు సొంత టీము మీద ఆడొద్దు. సెలవిచ్చిన్రు, అచ్చిన."

"చిన్నాయినకు చెప్పినవా?"

చెప్పలేదు. ఫోన్ కూడా బంద్ చేసుకున్నాడు. సాయంత్రం ఆట మొదలైంది. మా టీవీ పెట్టనివ్వలేదు. వంటింట్లో బల్ల ముందు కూర్చున్నాడు. బల్లకింద నిమ్మకాయ ఉంది, కదలడం లేదు. అత్తమ్మకు విషయం తెలియకపోయినా ముఖం చూసి ఉప్మా చేయడం మొదలుపెట్టింది.

ఆట సగమయ్యాక నా ఫోన్ మోగింది. చిన్నాయిన, వీడియో కాల్. కొడుకు ఫోన్ కలవక నాకు చేశాడు. ఎవరో కుర్రవాడు ఫోన్ పట్టుకుని కార్ఖానా అంతా తిప్పి చూపించాడు. ఆగిన సాంచల మధ్య మనుషులు. పడుగు చుట్టే బీముల మీద, నూలు మూటల మీద, గోడవారన. ఆడవాళ్లు కూడా వచ్చారు. తెర మీద పచ్చటి మైదానం.

"బిడ్డా, మీ తమ్ముడు ఏ నంబరు ఏసుకుంటడు? ఎంత చూసినా కనవడ్తలేడు. దెబ్బ గిట్ల తాకిందా? నీకేమన్న ఫోను చేసిండా?"

నేను వాడి వైపు చూశాను. వాడు చెయ్యి ఊపాడు, చెప్పొద్దని. చిన్నాయినే మళ్లీ అన్నాడు, "ఏం ఫికర్ లేదు. రెండో సగంల దింపుతరట. గీ పోరగాండ్లు అంటున్నరు. కూసుంటం."

కూసుంటం అన్న మాట వినగానే వాడు లేచాడు. నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఆ కార్ఖానాలో వాళ్లందరికీ కనిపించింది ఏమిటంటే, మా వంటింట్లో, పోపు డబ్బాల ముందు, లుంగీ కట్టుకుని, తెర మీద ఉండాల్సిన మనిషి.

"బాపూ, నేను గీడనే ఉన్న. కోరుట్లల. ఇయ్యాల నన్ను ఆడనియ్యరు, రెండో సగంల గూడ దింపరు. గట్ల రూలున్నది." ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. "నన్నెవలు అడిగి తీస్కపోలే బాపూ. మా పెద్ద క్లబ్బోళ్లకు అక్కెర లేక పంపిన్రు. సాంచలు నడుపుకోండ్రి."

అటువైపు ఎవరో దగ్గారు. తెర మీద ఆట సాగుతూనే ఉంది, దాని గోల సన్నగా వినిపిస్తోంది. చిన్నాయిన ముఖం ఫోన్‌కు బాగా దగ్గరగా వచ్చింది. నుదురు, కళ్లు మాత్రమే కనిపించాయి. సాంచలు ఆగి ఉన్నాయి కదా, అరవాల్సిన పని లేదు. నా బతుకులో మొదటిసారి ఆయన మెల్లగా మాట్లాడటం విన్నాను.

"తిన్నవా?" అన్నాడు.

వాడు తలూపాడు. తినలేదు నిజానికి, ఉప్మా ఇంకా పొయ్యి మీదే ఉంది.

ఫోన్ పెట్టేయడం ఎవరికీ తోచలేదు. అటు ఒక సాంచ మొదలైంది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి అన్నీ. మేం ముగ్గురం వంటింట్లో నిలబడి ఆ చప్పుడు విన్నాం. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పు నాది కాదు, వాడిదీ కాదు. అయినా ఆ తెల్లగుడ్డ ముందు కూర్చున్న మనుషుల ముఖాలు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మరుసటి రోజు వాడు వెళ్లిపోయాడు. నెల తిరక్కముందే సిరిసిల్ల బస్టాండు ఎదుట ఫ్లెక్సీ లేదు. మున్సిపాలిటీవాళ్లు తీశారనుకున్నాం. ఫ్లెక్సీ పోయినా వాడు తంగళ్ళపల్లిలో దిగడం మానలేదని చిన్నమ్మ చెప్పింది.

ఇంకొకటి కూడా పోయింది. ఆ సంగతి వాడే నాకు ఫోన్‌లో చెప్పాడు. అప్పటికి మూడోసారి లోను మీద ఈశాన్యంలో ఏదో కొండల ఊరికి పోయాడు.

"బాపు అడుగుతలేడక్కా."

"ఏం అడుగుతలేడు?"

"ఆడినవా అని. రోజు ఫోను చేస్తడు. తిన్నవా అంటడు. తిన్న అంట. పెట్టేస్తడు. ఇక్కడ ఆడుతున్ననక్కా. మొన్న గోల్ గూడ కొట్టిన. బాపు అడిగితే చెప్దామని పొద్దంత చూసిన."

"అడుగకపోతేంది, నువ్వే చెప్పరాదు?"

"ఎట్ల చెప్త? లేనప్పుడు ఆడిన ఆడిన అని చెప్పినోన్ని. ఇప్పుడు నా అంతల నేను చెప్తే ఎవలు నమ్ముతరు?"

ఏదో సర్దిచెప్పాను. నేను కూడా ఆ తర్వాత వాణ్ని ఆట గురించి అడగలేదు. బాధపెట్టినట్టవుతుందని. చిన్నమ్మ అడగదు. చుట్టాలు అడగరు. మేమందరం ఎంత మంచివాళ్లమో, ఫోన్ చేస్తే చాలు, తిన్నవా, అక్కడ చలి ఎక్కువనా అంటాం. ఒక ఆటగాణ్ని ఆట తప్ప అన్నీ అడిగాం.

మల్లాపూర్ నుంచి తిరిగి వచ్చే బస్సులో ఇదంతా నెమరేసుకున్నాను. ఫ్లెక్సీ ఎవరు తీశారో ఇప్పుడు తెలిసింది. సాంచల కాడ పనిచేసే ఒకాయన. ఎవరూ చూడకుండా విప్పి, మడతపెట్టి, వేరే జిల్లాకు పోయే మనిషి చేతిలో పెట్టి ఉంటాడు. సిగ్గుపడి తీశాడో, కొడుకు సిగ్గుపడొద్దని తీశాడో నాకు తెలియదు. నా సంగతి మాత్రం తెలుసు. అవును మా తమ్ముడే అంటే ఆమె ఏ టీములో అని అడుగుతుంది, ఇప్పుడు ఎక్కడ అంటుంది, మరి టీవీలో కనపడడేం అంటుంది. ఆ చిక్కంతా ఎందుకని తెల్వదన్నాను. జగిత్యాల దుకాణంలో వాడు ఫ్లెక్సీలోని తనను కనీసం అన్న అన్నాడు. నేను ఆ మాత్రం చుట్టరికం కూడా ఉంచలేదు.

ఇల్లు చేరగానే వాడికి ఫోన్ చేశాను. అక్కడ గాలి హోరు. ఎత్తగానే "అక్కా" అన్నాడు, మామూలుగా. నాకూ మామూలుగా "తిన్నవా" అనే రాబోయింది. మింగేశాను.

"ఆడినవా తమ్మీ?"

లైను పోయిందనుకుని ఫోన్ చూసుకున్నాను. పోలేదు.

"లేదక్కా," అన్నాడు చివరికి. "ఇయ్యాల దింపలే. పోయిన ఆటల మంచిగ ఆడలేకపోయిన. కూసోవెట్టిన్రు."

ఆడలేదన్న మాట వాడి నోట తనంత తానుగా, వంక లేకుండా రావడం నేను విన్నది అదే మొదలు. మల్లాపూర్ సంగతి చెప్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

"అక్కా, ఉన్నవా?"

"ఉన్న. చెప్పు."

"రేపు గూడ అడుగు," అన్నాడు.